నీళ్ళు తాగని కూలర్

కరోనా మూతిగుడ్డలు తీసేసిన తరువాత వచ్చిన రెండో ఎండాకాలం అది. ఉగాది వెళ్ళి ఇంకా నెల కూడా కాలేదు. కడపలో ఒక సందు మొదట్లో మా అంగడి. పేరుకు ఎలక్ట్రికల్ వర్క్స్ అని బోర్డు ఉంటుంది గానీ, ఎండాకాలం వచ్చిందంటే మాకు ఒకటే పని, కూలర్లు. మా ఆయన రత్నం మోటార్లు చూస్తాడు, నేను గడ్డి చూస్తాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. యంత్రాల పేర్లు ఆయన నోట విన్నట్టే పలుకుతాను, తప్పులుంటే సర్దుకోండి.

కూలర్ సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు చెప్తాను. కూలర్ అంటే ఏసీ కాదు. అదొక ఇనుప పెట్టె. మూడు పక్కల ప్యాడ్లు ఉంటాయి, అంటే సన్నగా చీల్చిన చెక్కపీచు నింపిన చట్రాలు. దాన్నే మేము గడ్డి అంటాము. అడుగున నీళ్ళ తొట్టి, తొట్టిలో చిన్న పంపు. పంపు నీళ్ళను పైకి ఎక్కిస్తే అవి గడ్డి మీదుగా కారి మళ్ళీ తొట్టిలోకే వస్తాయి. లోపలి ఫ్యాన్ బయటి వేడిగాలిని ఆ తడిగడ్డిలో నుంచి లాగి గదిలోకి వదులుతుంది. తడి ఆరుతూ గాలిలోని వేడిని తీసుకుపోతుంది. కొత్త కడవలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కడవకు చెమట పట్టి, ఆ చెమట ఆరుతుంది కాబట్టి. కూలర్ కూడా అంతే, అది ఇనుప చొక్కా తొడుక్కున్న కడవ.

మా ఊరి ఎండకు ఈ కడవ బాగా పనిచేస్తుంది. మాది పొడి ఎండ. చీర ఉతికి దండెం మీద వేసి ఒక చివర సర్దుతుంటే ఇంకో చివర ఆరిపోతుంటుంది. అందుకే ఇక్కడ ఎండాకాలం ఎవరికి చల్లదనం కావాలన్నా మొదట నీళ్ళు పట్టుకుంటారు. వాకిట్లో నీళ్ళు, మిద్దె మీద నీళ్ళు, తలుపుకు తడిగోనె. ఎంత తడిపితే అంత చల్లన అని మా పెద్దలు నేర్పారు. ఆ మాట మా ఊళ్ళో ఎప్పుడూ అబద్ధం కాలేదు, ఆ వారం తప్ప.

గడ్డి నింపడం చూడడానికి చిన్నపనే. పలచగా నింపితే గాలి చల్లబడకుండానే దూరిపోతుంది. కుక్కి నింపితే గాలే రాదు. పాతగడ్డి చూసి అది ఏ పక్క నుంచి వచ్చిన కూలరో చెప్పగలను. బోరునీళ్ళ ఇళ్ళలో ఉప్పు పేరుకుని అప్పడంలా విరుగుతుంది. మంగంపేట ముగ్గురాయి గనుల దారిలో ఉండే ఇళ్ళవి దులిపితే తెల్లపొడి రాలుతుంది. నాకు తెలిసిన చదువు అదే.

ఇక సంగతికి వస్తాను. నారాయణమ్మ మాకు చాలా ఏళ్ళ ఖాతాదారు. ఊరి బయట చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఊళ్ళో మేడ ఉన్న కుటుంబం. ఆమె కూతురు సునీతను కావలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లెకు ఇచ్చారు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళినా తల్లీబిడ్డా ఇంకా ఆ గదిలోనే ఉన్నారు. ఆ గది కిటికీకి బయటి పక్క, పెరటి వైపు, స్టాండు మీద కూలర్ ఉంటుంది. ఎండలు ముదరక ముందే మేము దాన్ని కడిగి, గడ్డి మార్చి పెట్టి వచ్చాము.

ఒక పొద్దున ఫోను. నారాయణమ్మ గొంతు ఫోను లేకపోయినా మా అంగడి దాకా వినిపిస్తుంది.

"ఏమప్పా రత్నం, ఎండలు మొదులుకాకముందే నీ కూలర్ మొండికేసిందే! గాలైతే వస్తాంది, సల్లదనం ల్యా. పసిబిడ్డ ఉండే గది అది, తెలుసునా?"

ఆయన పోయాడు. బాలింత గదిలోకి మగమనిషి పోడు కదా, పెరట్లోనే నిలబడి కూలర్ వెనక రేకు విప్పాడు. గడ్డి కాస్త నలుపెక్కినట్టు అనిపించి మళ్ళీ కొత్తది వేశాడు. కూలర్ పక్కన కిటికీ చువ్వ మీద తట్టి, "ఇప్పుడు సల్లగా వస్తాందా అమ్మా?" అని అడిగితే లోపలి నుంచి "ల్యా" అని జవాబు. మరుసటి రోజు మళ్ళీ ఫోను. ఈసారి పంపు మార్చాడు. మళ్ళీ తట్టాడు, మళ్ళీ "ల్యా".

ఆ వారమంతా ఇదే వరస. ఒకరి తరువాత ఒకరు అంగడికి వచ్చి కూలర్ పనిచేయడం లేదని అన్నవాళ్ళే. ఈసారి వచ్చిన గడ్డే బాగాలేదని మా ఆయన, బాగానే ఉందని నేను. మా ఇంట్లో కూలర్ గురించి ఆలోచించే తీరిక మాకు ఎక్కడిది? చెప్పులు కుట్టేవాడి కాళ్ళకు చెప్పులు ఉండవు. మా కూలర్ ఇంకా అటక మీదే ఉంది.

మూడోసారి ఫోను వచ్చినప్పుడు నారాయణమ్మ అరవలేదు. అది చూసి మాకు భయం వేసింది.

"బిడ్డ పాలు తాగడం ల్యా రత్నం. ఒళ్ళంతా చెమటకాయలు. నిన్న డాక్టరమ్మకు చూపించినాం. జబ్బేం ల్యా, ఉడుకు తగలకుండా చూడండి అనింది. మా వియ్యపురాలు వచ్చి కూర్చుండాది, బిడ్డను కావలికి ఎత్తకపోతానని. రేపు తెల్లార్తో కారు. నీ కూలర్ సక్కన అయితే బిడ్డ ఈడ ఉంటాది. ల్యాకుంటే ఈ ఎండలో ఆ పచ్చిబాలింతను, ఆ పసిగుడ్డును కార్లో యేసుకోని పోతారు."

మా ఆయన ఫోను పెట్టి నా వైపు చూశాడు.

"గడ్డి కొత్తదే, పంపు కొత్తదే. ఇంక ఆ కూలర్‌కి మార్చాల్సింది నన్నే. నువ్వు పో రూతూ. నీకైతే లోపలికి దోవ ఉండాది."

సంచిలో టెస్టరు, స్క్రూడ్రైవరు, కొంచెం గడ్డి వేసుకుని పోయాను. వసారాలో నారాయణమ్మ భర్త పుల్లారెడ్డి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. ఎండాకాలం ఆయనకు వేరే కార్యక్రమం ఉండదు, వాతావరణ వార్తలే. తోటకు నీళ్ళు ఎప్పుడు పెట్టాలో దాన్ని బట్టే చెప్తాడు.

"వచ్చినావా రూతమ్మా. ఈ ఎండాకాలం మామూలుగా ఉండదంట. సీమలో వడగాడ్పులంట. కోస్తాకు సముద్రం గాలంట. మా వియ్యపురాలు ఆ మాటొక్కటి ఇనింది, పెట్టె సర్దింది" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆ ఇంటికి అన్నేళ్ళుగా పోతున్నా నేను వసారా దాటింది లేదు. ఎప్పుడూ పెరటిదారే. ఆ రోజు నారాయణమ్మే వచ్చి, "రా, లోపలికి రా" అంది. కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను.

గది తలుపు తీయగానే ముఖానికి ఆవిరి కొట్టింది. పండుగ పొద్దున ఇడ్లీపాత్ర మూత తీసినట్టు. ఎదురు కిటికీ మూసి ఉంది, దానికి తడిదుప్పటి. తలుపుకు తడిగోనె. మంచం కింద రెండు బక్కెట్లలో నీళ్ళు, గచ్చు మీద నీళ్ళు. కూలర్ మాత్రం రైలింజన్లా మోగుతోంది. మంచం మీద సునీత, చెవులకు గుడ్డ కట్టుకుని, జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుని ఉంది. ఒళ్ళో బిడ్డ ఏడవడం కూడా లేదు. ఏడ్చే బిడ్డను చూస్తే అంత భయం ఉండదు. ఆ బిడ్డ నోరు తెరిచి పడుకుంది.

మంచం పక్కన కుర్చీలో కావలి వియ్యపురాలు సుశీలమ్మ, విసనకర్రతో విసురుతోంది. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఏమ్మే, కూలర్ బాగుచేసేది నువ్వేనా? మా పిలకాయ ఒళ్ళు ఎట్టా పొక్కిపోయిందో చూడు."

"మా ఇంట్లో బిడ్డలందరూ ఈ గదిలోనే పెరిగినారు వదినా" అంది నారాయణమ్మ.

"వాళ్ళని చూసేదానికి నేను రాలేదు కదా వదినా. ఈమెను చూసేదానికి వచ్చినా. రేపు పొద్దున్నే తీసకపోతా. మా ఆడ సముద్రం గాలి హాయిగా ఉంటది."

"సముద్రం మింద మంచమేస్తారా ఏంది? ఆ గాలి దగ్గరికి పొయ్యేలోపల దోవలో ఎండ ఉంటాది కదా, దాన్ని యాడ పెడతారు?"

ఇద్దరూ వదినా వదినా అనే అనుకుంటున్నారు. పండ్లు కొరకడం మాత్రం నాకు వినిపిస్తోంది.

నేను కూలర్ మూతి దగ్గర చేయి పెట్టాను. గాలి బలంగానే ఉంది. మోటారులో వంక లేదు. పెరట్లోకి పోయి వెనక రేకు తీశాను. గడ్డి పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా తడిసి ఉంది. పైన నీళ్ళు పంచే గొట్టంలో ఒక్క రంధ్రమూ పూడలేదు. నేను వేసినా అంతకంటే బాగా వేయలేను. అప్పుడు తొట్టిలో చేయి పెట్టాను. నడిచే కూలర్ తొట్టిలో నీళ్ళు కుండనీళ్ళలా చల్లగా ఉండాలి, గంటల తరబడి గడ్డి మీద తిరుగుతాయి కాబట్టి. ఇవి చల్లగా లేవు. బిందెలో నుంచి అప్పుడే పోసినట్టున్నాయి.

"నీళ్ళు ఇప్పుడే పోసినారా అమ్మా?" అని అడిగాను.

"ఇప్పుడు యాడ? పొద్దున పోసింది. ఆ ఒక్కటి మాత్రం మీ ఆయన మంచిపని చేసినాడు. ఇంతకముందు మధ్యాన్నానికే తొట్టి ఎండిపోతాండె. కొత్త పంపు పెట్టినప్పటి నించి నీళ్ళు శానా తక్కువ తాగుతాంది" అంది నారాయణమ్మ.

తొట్టి చూశాను. పొద్దున పోసిన గీత దగ్గరే నీళ్ళు నిలబడి ఉన్నాయి. పంపు నీళ్ళను తిప్పుతుందే గానీ తాగదు. తాగేది గాలి. మధ్యాహ్నం అవుతున్నా గాలి ఈ నీళ్ళను ఎందుకు తాగలేదు? అక్కడే తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఆలోచిస్తున్నాను.

ఇంతలో సుశీలమ్మ బిడ్డ పొత్తిగుడ్డల కోసం పెరట్లోకి వచ్చింది. దండెం మీది గుడ్డ ఒకటి లాగి, చేత్తో నలిపి, మళ్ళీ దండెం మీదే వేసింది.

"ఇదేం ఊరమ్మా? ‘అత్తా, మా ఊళ్ళో గుడ్డలు ఆరేసి కాఫీ తాగొచ్చేలోపల ఆరతాయి’ అని మా కోడలు గొప్పలు చెప్పుద్ది. పొద్దున్నే ఆరేసినయ్యి, ఇంకా పిండితే నీళ్ళొచ్చేటట్టుండాయి. అచ్చం మా ఇంటికాడ ఉన్నట్టే ఉండాది. ఒళ్ళు జిగట జిగట."

నేను లేచి దండెం దగ్గరికి పోయాను. గుడ్డ పట్టుకున్నాను. నిజమే. కడపలో, ఏప్రిల్ నెలలో, మిట్టమధ్యాహ్నం, పసిబిడ్డ పలచని పొత్తిగుడ్డ తడిగా ఉంది. గాలి ఎటు నుంచి వస్తోందా అని చూశాను. దండెం మీది గుడ్డలన్నీ పడమటికి ఊగుతున్నాయి. అంటే తూర్పుగాలి. మాకు ఎండాకాలం గాలి పడమటి నుంచి రావాలి, పొయ్యి ఊదినట్టు రావాలి. ఇది సముద్రం దిక్కు నుంచి తడిసి వచ్చిన గాలి. ముందే తడిసిన గాలి మళ్ళీ నీళ్ళు ఎలా తాగుతుంది? నిండా తిన్నవాడికి ఇంకో ముద్ద పెట్టినట్టే.

"మీ ఊళ్ళో ఇట్లాంటప్పుడు కూలర్ యేస్తారా అమ్మా?" అని సుశీలమ్మను అడిగాను.

"కూలరా? మాకెందుకు? వేస్తే ఇంకా ఉక్క. మేం కిటికీలన్నీ తీసి ఫ్యాన్ వేసుకుంటాం. ఒళ్ళు ఆరితే చాలు."

ఒళ్ళు ఆరితే చాలు. మా ఊళ్ళో ఎవరూ ఆ మాట అనరు. మాకు ఒళ్ళు ఆరడం అనేది అడగకుండానే జరుగుతుంది, మేము ఎప్పుడూ తడి కోసమే వెతుకుతాము. ఈ గదిలో గోనెలు, బక్కెట్లు, కూలర్ అన్నీ కలిసి తడి మీద తడి పోస్తున్నాయి. అంత తడిలో బిడ్డకు పట్టిన చెమట ఎక్కడికి పోతుంది?

లోపలికి వచ్చి నారాయణమ్మతో చెప్పాను. "కూలర్‌లో జబ్బు ల్యా అమ్మా. గాలిలో ఉండాది. సముద్రం గాలి మన ఊరికి వచ్చింది. పంపు ఆపేద్దాం, ఉత్త ఫ్యాన్ తిరగనీ. ఈ గోనెలు తీసేద్దాం. కిటికీ తెరుద్దాం."

నారాయణమ్మ నా మీదికి ఎగిరింది.

"ఎండాకాలం నీళ్ళు ఆపమంటావా? మతి ఉండాదా నీకు? బాలింతకు కిటికీ తెరిస్తే గాలి తగిలి రేపు నడుములు పట్టుకుంటే నువ్వొచ్చి కాపుతావా?"

"అదే నేనూ చెప్తుండా వదినా, కిటికీ..." అని సుశీలమ్మ అందుకుంది.

"నువ్వుండు వదినా!" అంది నారాయణమ్మ. నేను ఒక్కదాన్నే చెప్పి ఉంటే మెత్తబడేదేమో గానీ, వియ్యపురాలు ఆ మాట అనేసరికి ఇంకా బిగుసుకుపోయింది. ఇక ఆ కిటికీ తెరిస్తే అది కూలర్ సంగతి కాదు, కావలి గెలిచినట్టు, కడప ఓడినట్టు.

ఆ ఇంట్లో అంతకంటే ఎక్కువ మాట్లాడే చనువు నాకు లేదు. దండెం మీది పొత్తిగుడ్డ తెచ్చి నారాయణమ్మ చేతిలో పెట్టాను. అంతే. ఆమె దాన్ని వేళ్ళతో నలిపింది. బయటి ఎండను చూసింది. మళ్ళీ గుడ్డను నలిపింది.

"ఇది యెప్పుడు ఆరేసినారు?"

"పొద్దున నువ్వే ఆరేసినావు కదమ్మా" అంది సునీత మంచం మీద నుంచి. నేను వచ్చినప్పటి నుంచి ఆ అమ్మాయి నోరు తెరవడం అదే మొదలు. "డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. ఉడుకు తగలనీకండి అనింది, గాలి ఆడనీండి అని కూడా అనింది. మీరు ఒకటి ఇన్నారు, రెండోది ఇడిచిపెట్టినారు. నేను చెవులు కట్టుకునే ఉంటాలే. కావాలంటే ఇంకో గుడ్డ కట్టు. కిటికీ మాత్రం తెరువు. ఈ బిడ్డ ఊపిరి చూస్తాంటే నాకు భయమేస్తాంది."

నారాయణమ్మ పోయి, తనే ఆ తడిదుప్పటి లాగి కింద పడేసి, కిటికీ రెండు తలుపులూ తెరిచింది. తరువాత గోనె పీకింది. నేను పంపు స్విచ్చి ఆపాను. ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. బక్కెట్లు బయటపెట్టి, గచ్చు మీది నీళ్ళను పొడిగుడ్డతో తుడిచాను. సునీత చెవులకు ఇంకో గుడ్డ మాత్రం పడింది, ఆ విషయంలో నారాయణమ్మ తగ్గలేదు.

అప్పటికప్పుడు అద్భుతమేమీ జరగలేదు. గది చల్లబడలేదు, ఎండ ఎండలాగే ఉంది. కానీ ఆ ఆవిరి పోయింది. సుశీలమ్మ బిడ్డ ఒంటి మీది గుడ్డలన్నీ విప్పి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పొడిగుడ్డతో మెడ కింద, చంకల కింద మెల్లగా ఒత్తింది. అన్నం ఉడికేటంత సేపు అందరం బిడ్డనే చూస్తూ కూర్చున్నాము. బిడ్డ మెడ మీద చెమట పలచబడింది. తరువాత ముక్కు చిట్లించింది. తరువాత, ఇన్నాళ్ళ కోపమంతా కలిపి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

"ఏడవనీ, ఏడవనీ" అంది నారాయణమ్మ, తను కూడా కళ్ళు తుడుచుకుంటూ. సునీత బిడ్డను అందుకుని రొమ్ముకు పెట్టుకుంది. పాలు తాగే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విన్నాకే నేను టెస్టరు, స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాను. సాయంత్రం మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు, ఆమె చూసి ఫర్వాలేదని పంపింది.

కానీ నేను ఆ ఇంట్లో ఉండగానే ఇంకో పంచాయితీ మిగిలి ఉంది, కారు. నేను వసారాలోకి వచ్చి పుల్లారెడ్డిని అడిగాను. "సార్, టీవీలో ఈ గాలి సంగతి ఏమన్నా చెప్పినారా?"

"చెప్పినారు కదా. బంగాళాఖాతం మింద నించి తేమగాలులు ఇంకా ఒకటి రెండు దినాలంట. ఆమైన పడమటిగాలి మొదులై ఎండ పెరుగుతాదంట."

"మరి ఇంట్లో ఎందుకు చెప్పల్యా?" అని లోపలి నుంచి నారాయణమ్మ కేక.

"తేమ మాట మనకెందుకులే, అది కోస్తావాళ్ళకనుకున్నా!"

సుశీలమ్మ పకపకా నవ్వింది. నిజానికి ఆయన ఒక్కడినీ అనకూడదు. మా సీమలో ఎవరమైనా అంతే. టీవీలో డిగ్రీలు చెప్పేటప్పుడు చెవులు రిక్కిస్తాము. తేమ, ఉక్క అనే మాట వస్తే అది సముద్రం వాళ్ళ గోల అనుకుని ఛానల్ మారుస్తాము. గాలికి ఆ సంగతి తెలియదు కదా, ఎవరి జిల్లా ఎక్కడిదాకా అని.

సుశీలమ్మ బయటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "అన్నా, ఈడే ఇంత ఉక్క ఉంటే మా ఆడ ఈ పూట ఇంకెట్టుంటదో. కారు వద్దని చెప్పండి. అయితే ఒకటి. పిలకాయ మామూలుగా అయ్యేదాకా నేను ఈడనే ఉంటా."

"ఉండు వదినా, ఎవరు పొమ్మనిరి? కిటికీ దగ్గర నీకూ మంచమేస్తా" అంది నారాయణమ్మ లోపలి నుంచి.

నేను ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్తే, ఆయన ముందు నమ్మలేదు. పెరట్లోకి పోయి మా దండెం మీది తన చొక్కా పట్టుకుని చూసి వచ్చాడు. తరువాత ఆ వారం మమ్మల్ని తిట్టిన వాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేశాడు. "కూలర్ బాగుండాది, పంపు ఆపి కిటికీలు తెరవండి" అంటే కొందరు నవ్వారు, కొందరు పని రాక చెప్తున్నాడని అన్నారు. చేసినవాళ్ళకు ఫలితం తెలిసింది.

టీవీ చెప్పినట్టే గాలి మళ్ళింది. పడమటి నుంచి పొయ్యి ఊదినట్టు వచ్చింది, మా సొంతగాలి. ఆ మధ్యాహ్నం మళ్ళీ నారాయణమ్మ ఫోను.

"రూతమ్మా, నువ్వొక మాట చెప్పమ్మా. మా వదిన కిటికీలన్నీ బార్లా తెరిచి కూర్చుండాది, గాలి ఆడాల గాలి ఆడాల అని. వడగాడ్పంతా ఇంట్లోకొస్తాంది. నేను చెప్తే ఇనడం ల్యా."

ఆ పక్క నుంచి సుశీలమ్మ గొంతు. "మొన్న తెరవమంటిరి, ఇయ్యాళ ముయ్యమంటిరి. ఏందమ్మే మీ ఊరు, పూటకో తీరు?"

నాకు నవ్వు ఆగలేదు. మొన్న మావాళ్ళు సముద్రం గాలికి సీమ వైద్యం చేశారు, ఈ రోజు ఆమె సీమగాలికి సముద్రం వైద్యం చేస్తోంది.

"పెరట్లో గుడ్డలు ఆరినాయా అమ్మా?" అని అడిగాను.

పెరటి తలుపు చప్పుడైంది. తరువాత సుశీలమ్మే ఫోను అందుకుంది. "గలగలమని ఎండిపోయినాయమ్మే, అప్పడాల మాదిరి."

"అయితే పంపు వేయండి. ఎండపక్క కిటికీ మూయండి. ఎదురు కిటికీ మాత్రం జానెడు తెరిచి పెట్టండి, లోపలికొచ్చిన గాలికి బయటికి దోవ ఉండాల. బిడ్డను కూలర్‌కి ఎదురుగా పెట్టొద్దు, పక్కకు పెట్టండి."

సాయంత్రానికి తొట్టి ఎండిపోయిందని, మళ్ళీ నీళ్ళు పోశామని చెప్పడానికి నారాయణమ్మ ఇంకోసారి ఫోను చేసింది. తొట్టి ఖాళీ అయిందని సంతోషంగా చెప్పిన ఖాతాదారు నాకు ఆమె ఒక్కతే.

ఆ ఎండాకాలం నుంచి మా అంగడిలో ఒక అలవాటు పడింది. ఎవరైనా వచ్చి కూలర్ చల్లగా రావడం లేదంటే, రేకు విప్పే ముందు మేము అడిగే మాట ఒకటే, మీ ఇంట్లో గుడ్డలు ఆరుతున్నాయా అని. గుడ్డ ఆరుతుంటే లోపం కూలర్‌లో ఉంది, పోయి చూస్తాము. ఆరకపోతే లోపం గాలిలో ఉంది, పంపు ఆపి కిటికీలు తెరవమని చెప్పి పంపిస్తాము. మా సందులో వాళ్ళు నన్ను ఆటపట్టిస్తారు, రూతమ్మ చాకలిపని మొదలుపెట్టిందని. అననీ. నీళ్ళే చల్లదనం అని నమ్మి బతికాము. చల్లదనం నీళ్ళలో లేదు, ఆరడంలో ఉంది. అది నాకు నేర్పింది బడి కాదు, ఒక పసిబిడ్డ పొత్తిగుడ్డ.

మొన్న గడ్డి మార్చడానికి ఆ ఇంటికి పోయాను. వసారాలో నుంచే పోయాను, ఇప్పుడు నాకు పెరటిదారి చెప్పరు. ఎండాకాలమని సునీత, ఇప్పుడు మాటలు నేర్చిన బిడ్డతో పుట్టింటికి వచ్చి ఉంది. కూలర్ పక్కన మేకుకు ఒక గుడ్డ తడిపి తగిలించి ఉంది, అది ఆరితేనే పంపు వేయాలని నారాయణమ్మ ఏర్పాటు. నేను పని ముగించి స్విచ్చి వేయబోతుంటే ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి నా చేయి పట్టుకుని ఆపింది. మునివేళ్ళ మీద నిలబడి, ఆ గుడ్డ కొస అందుకుని, అవ్వ చేసినట్టే వేళ్ళతో నలిపి చూసింది.

"ఆలింది" అని నాకు అనుమతి ఇచ్చింది.

అప్పుడు వేశాను.